కల్లు ప్రయాణం చెయ్యదు

నలుగురైదుగురు స్నేహితులు పొద్దు పొడవకముందే బయల్దేరి, ఊరి బయట తాటివనానికి చేరుకుంటారు. చెట్టు మీంచి అప్పుడే దిగిన కల్లు అక్కడే తాగి, వెంట తెచ్చుకున్నదో అక్కడ వండుకున్నదో తిని, ఎండ ముదిరాక ఇంకో వనం వెతుక్కుంటూ పోతారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల దీనికి ప్రత్యేకంగా పేరేమీ లేదు. ‘తాళ్లల్లకు పోదాం’ అంటారు, అంతే. తాళ్లంటే తాడిచెట్లు.

ఫ్రాన్సులో ఇదే పని ద్రాక్షతోటల మధ్య చేస్తే దానికి పటాలుంటాయి, దారి పొడవునా బోర్డులుంటాయి, చెప్పేవాళ్లుంటారు. అల్సాస్ ప్రాంతంలో 1953లోనే దాదాపు 170 కిలోమీటర్ల ‘వైన్ దారి’ ఏర్పాటు చేశారు. బర్గండీలోనూ బోర్డోలోనూ షాంపేన్‌లోనూ మిత్రబృందాలు సెల్లార్ తర్వాత సెల్లార్ తిరుగుతాయి. గ్లాసు అడుగున రెండు గుక్కలు పోయించుకుని, రంగు చూసి, వాసన చూసి, పుక్కిలించి, పక్కనున్న పాత్రలో ఉమ్మేసి, రాత్రికి మంచి భోజనశాలలో తీరిగ్గా కూర్చుంటాయి. ఫ్రెంచివారు విందు భోంచేసే పద్ధతిని యునెస్కో 2010లో మానవాళి వారసత్వాల జాబితాకు ఎక్కించింది. తాళ్లల్లకు పోవడం ఏ జాబితాలోనూ లేదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బు తేడా, దర్జా తేడా ముందు కళ్లకు కడతాయి గానీ అసలు తేడా అవి కాదు. వైన్ సీసాకెక్కి సముద్రాలు దాటుతుంది, మనిషి కూర్చున్న చోటికే వస్తుంది. అయినా దాన్ని వెతుక్కుంటూ పోతే అది ముచ్చట. కల్లు ఎక్కడికీ రాదు. మనిషే పోవాలి. తాళ్లల్లకు పోవడంలో ఉన్న పద్ధతులన్నీ ఈ ఒక్క ఇబ్బందిలోంచే పుట్టాయి.

కల్లు ఎందుకు రాదో చెట్టు దగ్గరే తెలుస్తుంది. తాటిగెల కొనను పలచగా చెక్కితే చుక్కచుక్కగా కారే రసంలో నూటికి పది నుంచి పధ్నాలుగు పాళ్లు చక్కెర ఉంటుంది. కారేటప్పుడు అది తేటగా, తియ్యగా, మత్తు లేకుండా ఉంటుంది. అదే నీరా. లొట్టిలో పడ్డాక కథ మారుతుంది. నిన్నటి కల్లు తడి ఆరని కుండ గోడల్లో, గెల మీద, గాలిలో ఈస్టులూ బ్యాక్టీరియాలూ కాచుకుని ఉంటాయి. పాలకు తోడు వేసినట్టు ఎవరూ వెయ్యక్కర్లేదు. రాత్రంతా చెట్టు మీదే పులిసి తెల్లారేసరికి తెల్లటి నురుగు కడుతుంది. కొన్ని గంటల్లో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లకు చేరుతుంది. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఆగదు. ఆ ఆల్కహాలును వెనిగర్ చేసే బ్యాక్టీరియా తన పని మొదలుపెడుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నం తీపిపులుపు, సాయంత్రానికి పులుపు, మర్నాటికి పారబోత.

ద్రాక్షరసంలో జరిగేదీ ఇదే. తేడా చక్కెరలో ఉంది, మూతలో ఉంది. బాగా పండిన ద్రాక్షలో చక్కెర నూటికి ఇరవై పాళ్లు దాటుతుంది. అందుకే వైన్‌లో ఆల్కహాలు పన్నెండు, పధ్నాలుగు పాళ్ల దాకా పోతుంది. ఆ ఘాటుకు చాలా సూక్ష్మజీవులు బతకవు. దానికి తోడు గాలి సోకకుండా పీపాల్లో బిగిస్తారు. ఇంత చేసినా పందొమ్మిదో శతాబ్దం నడిమి దాకా ఫ్రెంచి వైన్ దారిలో చెడిపోతూనే ఉండేది. ద్రాక్షతోటల మధ్య అర్బ్వా అనే చిన్న ఊళ్లో పెరిగిన లూయీ పాశ్చర్ ఆ చెడు ఎక్కడ పుడుతోందో పట్టుకున్నాడు. వైన్ మీద ఆయన రాసిన పుస్తకం 1866లో వచ్చింది. ఇవాళ పాలప్యాకెట్ మీద కనిపించే ‘పాశ్చరైజ్డ్’ అన్న మాట వెనకున్న పని మొదట వైన్ కోసం జరిగిందే.

కల్లుకు అలాంటి పాశ్చర్ దొరకలేదు. లొట్టి లోపల సున్నం పూస్తే పులవడం ఆగుతుంది కానీ అప్పుడది కల్లు కాదు, నీరా. దాన్ని చల్లగా దాచి అమ్మడానికి హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. తాళ్లల్లకు పోయే అలవాటున్నవాళ్లు అటుపోతే పిల్లలకు తాగించడానికే పోతారు.

ఈ మూడు ఊళ్లనూ కలిపితే ఒక త్రిభుజం. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు 167వ నంబరు రహదారి పోతుంది. అక్కణ్నించి పైకి వస్తే మళ్లీ సూర్యాపేట. మొత్తం చుట్టి వస్తే నూట యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. అల్సాస్ దారికన్నా కాస్త చిన్నది. సూర్యాపేట పక్క నేల ఎరుపు. చెరువులు, చెరువుకట్టల కింద తాళ్లు, సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు దిగితే నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. 1955 డిసెంబరులో సాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. అక్కణ్నించి ఈ నేల రంగే మారింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణమైంది. కాలువ కింద ఎటు చూసినా వరి, ఆ వరిగట్ల మీద బారులుగా తాళ్లు. ద్రాక్షకు వాలుకొండ కావాలి, గులకరాళ్ల నేల కావాలి, నీళ్లు ఎక్కువైతే రుచి పలచబడుతుంది. తాడికి ఇవేవీ పట్టవు. గట్టు మీద చోటిచ్చి వదిలేస్తే చాలు. ఆ వదిలెయ్యడం మాత్రం పదిహేనేళ్లు. ద్రాక్షతీగ మూడో ఏటికే కాపుకొస్తుంది. తాడిని తాత నాటితే మనవడు గీస్తాడు.

కల్లుకు కాలాలున్నాయి. చలికాలం ఈతది, ఎండాకాలం తాడిది. స్థూలంగా చెప్పాలంటే సంక్రాంతికి ఈతవనాల్లోకి పోయినవాళ్లు శివరాత్రి దాటాక తాళ్లల్లకు మళ్లుతారు. రెండిటి గీతా వేరు. తాడికి గెలను గీస్తారు. ఈతకు మొవ్వు కింద బోదెనే ఒక పక్క చెక్కుతారు, మరుసటి ఏడు అవతలి పక్క. అలా ఏడాదికొక గాటు చొప్పున అటొకటి ఇటొకటి పడి ముదురు ఈతచెట్టు బోదె వంకరమెట్ల నిచ్చెనలా తయారవుతుంది. కింద నిలబడి లెక్కపెడితే ఎన్నేళ్లుగా ఆ చెట్టును గీస్తున్నారో తేలిపోతుంది. వైన్ సీసాకు ఏ సంవత్సరపు పంటో కాగితం మీద అచ్చువేసి అంటిస్తారు. ఈతచెట్టు తన లెక్క ఒంటి మీదే ఉంచుకుంటుంది.

తాడిలో మళ్లీ రకాలు. గీసేవాళ్లు పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అని విడదీసి చెబుతారు. పోద్దాడు మగచెట్టు, కాయ కాయదు. పండుతాడు కాయలున్న చెట్టని పేరే చెబుతోంది. కొత్తగా వచ్చినవాళ్ల నాలుకకు ఈ తేడాలు అందవు. పది పదిహేనేళ్లు ఒకే వనానికి పోయినవాళ్లకు మాత్రం చెట్టుతో సహా తెలుస్తుంది. పొద్దున్నే మోకు భుజాన వేసుకుని, ముత్తాదు నడుముకు బిగించి, కత్తులతో వచ్చిన గౌడన్న లొట్లు దించి వరసగా పెట్టి అడిగే మొదటి మాట ‘ఏ చెట్టుది పొయ్యమంటరు?’ అని. ‘బాయికాడి పోద్దాడు’ అంటాడొకడు. ‘అది నిన్న సరిగ పారలే, కట్టమీది దాగుండ్రి’ అంటాడాయన. ఆ మాటకు ఎదురుండదు.

ఈ రెండు వాక్యాల సంభాషణ కోసం బర్గండీ కొన్ని శతాబ్దాలు కష్టపడింది. అక్కడ సిస్టర్షియన్ సన్యాసులు మడి మడికీ రుచి వేరని గమనించి తోటలకు గోడలు కట్టారు. ఆ మడుల్నే ‘క్లీమా’లంటారు. 2015లో యునెస్కో గుర్తించిన లెక్క ప్రకారం 1,247 ఉన్నాయి. పక్కపక్క మడులే అయినా ఒకదాని సీసా వెల ఇంకోదానికి పదింతలుండొచ్చు. కట్టమీది తాడికీ బావికాడి తాడికీ ధర ఒక్కటే. లొట్టి ఇంత అంటే ఇంతే. రుచి తేడా వెలలోకి ఎక్కలేదు కాబట్టి పేరూ బయటికి పోలేదు. ఊళ్లోవాళ్లకు తెలిసిన సంగతిగానే ఉండిపోయింది. అందువల్ల పోయినదెంతో, మిగిలినదెంతో చెప్పడం కష్టం. పదింతల వెల పలికితే ఆ కట్టమీది చెట్టు కింద సూర్యాపేట మెకానిక్కులూ కోదాడ టీచర్లూ కూర్చోవడం మాత్రం జరిగేది కాదు.

తాగే పాత్ర కూడా చెట్టుదే. లేత తాటాకును చీల్చి, మడిచి, పడవలా చేసి ఒక కొస బిగిస్తే రేక అవుతుంది. రేక పట్టడం తెలియాలి. రెండు చేతుల్తో పట్టుకుని, రెండో కొస నోటికి ఆనించి, తల కొద్దిగా వంచాలి. గౌడన్న లొట్టి ఎత్తి పోస్తుంటాడు. అది ఆకు మీదుగా పారుతూ నోట్లోకొస్తుంది. ముందు పెదాలకు తగిలేది కల్లు కాదు, పచ్చి ఆకు గరుకు. తర్వాత నురుగు, ఆ వెనక చల్లటి తీపి. అప్పుడప్పుడూ బట్టకు చిక్కకుండా తప్పించుకున్న తేనెటీగ ఒకటి నురుగులో మునిగి వస్తుంది. దాన్ని వేలితో తీసి పక్కన పెట్టి మళ్లీ తాగుతారు. పోసేవాడికీ తాగేవాడికీ మధ్య ఒక లయ కుదరాలి. చాలనుకున్నవాడు మాట్లాడలేడు కాబట్టి చెయ్యెత్తాలి. ఎత్తడం ఆలస్యమైతే చొక్కా తడుస్తుంది. కొత్తవాణ్ని తీసుకొచ్చిన బృందం మొత్తం ఆ చొక్కా కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. వైన్ గ్లాసుకు కాడ ఎందుకుండాలో, గిన్నె ఎంత వెడల్పుండాలో రాసిన పుస్తకాలున్నాయి. రేకకు ఏ పుస్తకమూ లేదు కానీ స్టీలు గ్లాసులో పోసిన కల్లు అదే లొట్టిదైనా అదే రుచి ఉండదని ఒప్పుకోనివాళ్లు వనంలో దొరకరు.

వైన్ రుచి చూడటంలో ఒక వరస ఉంది. తెల్లది ముందు, ఎర్రది తర్వాత. పలచనిది ముందు, చిక్కనిది తర్వాత. ఆ వరస తప్పితే నాలుక మొద్దుబారి మిగతావి తెలియకుండా పోతాయి. కల్లుకు ఆ వరస ఎవరూ నేర్పక్కర్లేదు, పొద్దే పెడుతుంది. తెల్లవారుజామున దిగింది తియ్యగా, పొంగుతో ఉంటుంది. పదకొండింటికి వగరు తేలుతుంది. మధ్యాహ్నం దించిన లొట్టి మళ్లీ కొత్త తీపి తెస్తుంది కానీ ఎండకు వేగంగా పులుస్తుంది. అందుకే అనుభవమున్న బృందం ఒక్క వనంలో రోజంతా కూర్చోదు. పొద్దున సూర్యాపేట పక్క చెరువుకట్ట, మధ్యాహ్నం కోదాడ దగ్గరో హుజూర్‌నగర్ దగ్గరో గట్టు, సాయంత్రం మిర్యాలగూడ వైపు కాలువ ఒడ్డు. గీసే వేళకు చేరితేనే ఫలితం. అరగంట ఆలస్యమైతే లొట్లు మండువకు, దుకాణానికి పోతాయి. అక్కడ నాలుగు చెట్లది, నాలుగు వేళలది ఒక్కటిగా కలిసిపోతుంది. కలిపిందాన్ని తప్పుపట్టడానికి లేదు. షాంపేన్‌లో అయితే ఏళ్ల తరబడి దాచిన వైన్లు కలపడమే పెద్ద విద్య. కానీ చెట్టు పేరడిగే అవకాశం దుకాణంలో ఉండదు.

తిండి విషయంలో ఈ ప్రాంతం ఫ్రాన్సుకు ఏమాత్రం తీసిపోదు. పొద్దుటి కల్లుకు అంచుకు గుడాలు చాలు. ఉడికించిన బొబ్బర్లో శనగలో తాలింపు వేసి, పైన ఉల్లిగడ్డ ముక్కలు. ఎవరైనా ఇంటి నుంచి సకినాలు తెస్తే ఆ మనిషికి ఆ పూట మర్యాద ఎక్కువ. ఎండ పెరిగేకొద్దీ పదార్థం బరువెక్కుతుంది. బోటి, నల్ల, తలకాయ. సూర్యాపేట పక్క మూసీ నీళ్ల చేప, మిర్యాలగూడ పక్క కృష్ణ చేప. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి మిర్యాలగూడకు దగ్గరే. కోదాడ ఆంధ్ర సరిహద్దు ఊరు. జగ్గయ్యపేట పక్కనే ఉన్నట్టు కూరలో కారం చెబుతుంది. వనంలోనే వండాలనుకుంటే మూడు రాళ్లు పెట్టి ఎండిన తాటిమట్టలు మంటేస్తారు. తాటిమట్ట మంట మొండిది, ఒకేసారి లేస్తుంది, ఒకేసారి పడిపోతుంది. నాటుకోడి దాని మీద ఉడకాలంటే ఒకడు పొయ్యి దగ్గరే కాపలా ఉండాలి. కాపలా ఎవరన్నదాని మీద జరిగినన్ని వాదనలు డబ్బుల లెక్కల మీద కూడా జరగవు. బర్గండీలో ముదురు పుంజును ఎర్ర వైన్‌లో గంటల తరబడి ఉడికించే కోకోవాన్ అనే వంటకం ఉంది. లేత కోడి అయితే విడిపోతుంది, ముదురుదే కావాలంటారు. ఈ మాట నేరేడుచర్ల సంతలో కోడిని బేరమాడే మనిషికి వివరించి చెప్పక్కర్లేదు.

కల్లూ కారమూ ఎందుకు కుదురుతాయో కారణముంది. మిరపకాయలో మంటపుట్టించే పదార్థం ఆల్కహాలుకు రెచ్చిపోతుంది. పధ్నాలుగు పాళ్ల ఎర్ర వైన్‌తో నల్గొండ జిల్లా బోటి కూర తింటే నోరు మండి రెండింటి రుచీ తెలియదు. కల్లులో ఆల్కహాలు తక్కువ, మిగిలిన చక్కెర కాస్తో కూస్తో ఉంటుంది, పులుపుంటుంది. ఇవి మంటను చల్లారుస్తాయి. ఈ నేల కారానికి ఈ చెట్టు రసమే జవాబు. అల్సాస్‌లో పులియబెట్టిన క్యాబేజీతో అక్కడి తెల్ల వైన్ తాగడం, బోర్డోలో గొర్రెపిల్ల మాంసంతో అక్కడి ఎర్ర వైన్ తాగడం ఇలా ఏర్పడ్డవే. ఒకే నేలలో పక్కపక్కన పెరిగినవి ఒకదాన్నొకటి చూసుకుంటూ పెరుగుతాయి. హైదరాబాద్‌లో పెద్ద హోటళ్లు బిర్యానీకి వైన్ జత కలపడానికి పడే తిప్పలు చూస్తే ఈ సంగతి మరీ బాగా అర్థమవుతుంది. మాటవరసకు, ఈ మూడు ఊళ్లలోనూ ‘వైన్స్’ అన్న బోర్డు లేని పెద్ద వీధి దొరకడం కష్టం. లోపలికి పోయి వైన్ అడిగితే అమ్మే మనిషి ముందు సీసా కోసం చూడడు, అడిగినవాడి మొహంలోకి చూస్తాడు.

స్నేహితులు జతగా తిరుగుతూ, చూస్తూ, తింటూ రోజు గడపడం తెలుగులో కొత్త సంగతి కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీదున్న ‘క్రీడాభిరామం’ కథంతా ఇదే. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులు పొద్దంతా తిరుగుతారు, పూటకూళ్లింట్లో రూక ఇచ్చి భోంచేస్తారు. ఏ వీధిలో ఏముందో, ఏ పూటకు ఏది బాగుంటుందో వాళ్లకు తెలిసినట్టు తెలిసినవాడు ఉంటేనే తాళ్లల్లకు పోవడమూ బాగుంటుంది. ప్రతి బృందంలో అలాంటివాడు ఒకడుంటాడు. ఏ గౌడన్న ఏ పొద్దుకు చెట్టెక్కుతాడో అతని ఫోన్‌లో ఉంటుంది.

తాగేవాళ్ల సంగతి ఇలా ఉంటే, గీసేవాళ్ల సంగతికి చరిత్ర ఎక్కువ. నిజాం కాలంలో ఆబ్కారీ రాబడి సర్కారు ఖజానాకు పెద్ద ఆధారాల్లో ఒకటి. చెట్టు ఒకరిది, వేలంలో పాడుకున్న గుత్త ఇంకొకరిది, ప్రాణం పణంగా పెట్టి ఎక్కేవాడు మూడోవాడు. ఈ లెక్కను మార్చడానికి పనిచేసినవారిలో ముందు చెప్పుకోవాల్సింది సూర్యాపేటలో 1922లో పుట్టిన బొమ్మగాని ధర్మభిక్షం. కమ్యూనిస్టు, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న మనిషి. గీత పనివారిని సంఘంగా కూడగట్టారు. 1952లో సూర్యాపేట నుంచి శాసనసభకు, 1991లోనూ 1996లోనూ నల్గొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ 1996 ఎన్నికను దేశం మరిచిపోలేదు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి జనం పోటీపడి నామినేషన్లు వేస్తే 480 మంది అభ్యర్థులయ్యారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అందులోంచి గెలిచి వచ్చింది గీత పనివారి నాయకుడు. తర్వాత తర్వాత గుత్తల చోట గీత సహకార సంఘాలు, చెట్టుకింత అని విడి లైసెన్సులు వచ్చాయి.

ద్రాక్షసీమల్లోనూ సీసా వెనక ఇలాంటి పోరాటాలే ఉన్నాయి. 1907లో దక్షిణ ఫ్రాన్సులోని లాంగ్‌డాక్‌లో ద్రాక్షరైతులు లక్షల సంఖ్యలో వీధుల్లోకొచ్చారు. చక్కెర నీళ్లు కలిపిన కల్తీ వైన్ తమ బతుకులు ముంచుతోందన్నది వాళ్ల ఫిర్యాదు. మార్సెలాన్ అల్బెర్ అనే పల్లెటూరి మనిషి వాళ్ల నాయకుడు. కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు, ఆ ఏడే కల్తీ మీద చట్టం వచ్చింది. 1911లో షాంపేన్‌లో ఏ ఊరి ద్రాక్ష షాంపేన్ అవుతుంది, ఏది కాదన్న గొడవలో సెల్లార్లు తగలబెట్టారు. 1935 చట్టంతో ఊరి పేరుకు కాపలా ఏర్పడింది. ఫలానా నేలలో ఫలానా పద్ధతిలో చేసిందే ఆ పేరు పెట్టుకోవాలి.

కల్లుకు అలాంటి కాపలా లేకపోవడం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయిన చోట, ముఖ్యంగా పట్టణాల్లో, లొట్టిలోకి క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రజోలం దిగాయి. ఇవి నిద్రమందులు. అలవాటైనవాడికి అసలు కల్లు తాగితే తాగినట్టుండదు, మానేస్తే ఒళ్లు వణుకుతుంది. తాళ్లల్లకే పోవాలని పట్టుబట్టేవాళ్లను రుచి పిచ్చివాళ్లని కొట్టిపారెయ్యడానికి ఇందుకే వీల్లేదు. లొట్టి చెట్టు మీంచి దిగడం కళ్లారా చూసినవాడికి అందులో ఏం కలవలేదో తెలుసు. ఫ్రాన్సులో సీసా మీద ముద్ర చేసే పని ఇక్కడ కళ్లు చేస్తాయి.

కళ్లు చూసేది ఇంకొకటీ ఉంది. చెట్టు కింద కూర్చున్నవాళ్లు తల పైకెత్తితే యాభై అడుగుల ఎత్తున మోకు మీద వెనక్కి వాలి, ఒక చేత్తో గెలను పట్టుకుని ఇంకో చేత్తో కత్తి ఆడిస్తున్న మనిషి కనిపిస్తాడు. మోకు జారితే ఆపడానికి ఏమీ ఉండదు. గీసేవాళ్లు చెట్టెక్కే ముందు కాటమయ్యను తలుచుకుంటారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఆ కాటమయ్య పేరు మీదే రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి బృందాల్లో ఒక కట్టుబాటు ఉంది. మనిషి చెట్టు మీద ఉన్నంతసేపు కింద కేకలు వెయ్యరు, నవ్వులాటలు ఆపేస్తారు. ఆయన దిగి, మోకు విప్పి, ముత్తాదు సడలించాకే మళ్లీ మాటలు.

తాళ్లల్లకు ఎవరు పోతారన్నదీ మారింది. ఒకప్పుడు నాట్లు వేసి, కోతలు కోసి వచ్చినవాళ్లు మండువలో కూర్చునేవారు. కాస్త ఉన్నవాళ్లు లొట్టి ఇంటికి తెప్పించుకుని తలుపు దగ్గరికి వేసుకుని తాగేవారు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు లింగమంతుల జాతరలో మాత్రం ఆ దాపరికం ఉండేది కాదు. యాటకూరా కల్లూ గట్టు కింద అందరి ముందూ ఉండేవి. ఇప్పుడు ఆదివారం పొద్దున హైదరాబాద్ నంబరు కార్లు చెరువుకట్ట మీద వరసగా ఆగుతాయి. చదువుకుని, ఊరొదిలి, ఇరవై ఏళ్ల తర్వాత పాత స్నేహితుల కోసం వచ్చినవాళ్లు రేక పట్టడం మర్చిపోయి చొక్కాలు తడుపుకుంటారు. వాళ్ల వల్ల లొట్టి ధర పెరిగిందని ఊళ్లోవాళ్ల సణుగుడు. అది నిజమే. వాళ్లు రాకపోతే చెట్టెక్కే పని తన కొడుక్కి నేర్పనని గౌడన్న అంటాడు. అదీ నిజమే.

తిరుగు ప్రయాణం గురించి చెబితే సంగతి పూర్తవుతుంది. ఫ్రాన్సులో పది సెల్లార్లు తిరిగి కూడా కారు నడపగలిగేలా ఉండటానికే ఉమ్మే పాత్ర. వనంలో ఉమ్మడం పోసినవాణ్ని అవమానించినట్టు. అందుకే ఒకణ్ని ముందే నిర్ణయిస్తారు. ఆ రోజు కారు అతనిది, కల్లు మిగతావాళ్లది. అతనికి ఎండాకాలమైతే ముంజలు, చలికాలమైతే అందరి సణుగుడు. 65వ నంబరు రహదారి మీద పోలీసులు మూతి దగ్గర గొట్టం పెట్టే చోట్లు అతనికి కంఠతా వచ్చు.

ఇంత తెలిసీ ప్రతిసారీ ఎవరో ఒకరు ఇంట్లోవాళ్ల కోసమని రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో కల్లు నింపించుకుంటారు. మూత గట్టిగా బిగించొద్దని గౌడన్న చెబుతాడు, వినరు. షాంపేన్‌లో ఒకప్పుడు సీసాలు లోపలి గాలికి పేలి, సెల్లార్లలో పనిచేసేవాళ్లు మొహాలకు ఇనుప తొడుగులు పెట్టుకుని తిరిగేవారు. ప్లాస్టిక్ సీసా అంత పని చెయ్యదు. ముందు అడుగు ఉబ్బుతుంది. నకిరేకల్ దాటాక నిలబడనని పక్కకు ఒరుగుతుంది. చిట్యాల దగ్గర ఎవరో ఒకరు జాలిపడి మూత తిప్పుతారు. సగం సీటు మీద పోతుంది, ఆ వాసన నాలుగు రోజులు కార్లో ఉంటుంది. మిగిలిన సగం ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. ఇంట్లోవాళ్లు మూత తీసి, వాసన చూసి, మొహం చిట్లించి, సింకులో పోస్తారు.